నెల్లూరు తీరం నుంచి లడఖ్ చల్లని ఎడారికి.. హాఫ్ మారథాన్ ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి?

ఎడారి అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది గల్ఫ్. కువైట్‌లోనో, సౌదీలోనో ఉన్న అన్నయ్య, మామయ్య ఫోన్‌లో చూపించే ఇసుక. కానీ మన దేశంలోనే ఇంకో రకం ఎడారి ఉంది. అదే లడఖ్. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. నెల్లూరులో ఈశాన్య రుతుపవనాలప్పుడు ఒక్క తుపాను రోజు అంతకంటే ఎక్కువ కురిసిపోతుంది. ఎండిన కొండలు, మధ్యలో సింధు నది, నీళ్లున్న చోట మాత్రమే పచ్చదనం. దీన్ని చల్లని ఎడారి అంటారు.

ఇక్కడే 2012 నుంచి లడఖ్ మారథాన్ జరుగుతోంది. మామూలుగా సెప్టెంబర్ మొదటి పక్షంలో పెడతారు. 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్, 42.2 కిలోమీటర్ల ఫుల్ మారథాన్, అనుభవం ఉన్నవారికి 72 కిలోమీటర్ల ఖార్దుంగ్ లా చాలెంజ్ ఉంటాయి. మన వైపు నుంచి వెళ్లాలనుకునే వారికి సరిపోయేది హాఫ్ మారథాన్. అయితే ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి.

అసలు కష్టం దూరం కాదు, ఎత్తు

మైపాడు, కోడూరు బీచ్‌లు సముద్ర మట్టంలో ఉంటాయి. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. దాంతో ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే ఆక్సిజన్ తీరంలో దొరికే దానిలో మూడింట రెండు వంతులే. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే కుర్రాడైనా సరే, విమానం దిగిన రోజు హోటల్ మెట్లు ఎక్కితే ఆయాసపడతాడు.

ఫిట్‌నెస్ ఉంటే ఎత్తు ఏం చేయదు అనుకోవడం పొరపాటు. పైగా వయసులో ఉన్నవారే ఆగకుండా తిరిగి ఎక్కువ ఇబ్బంది తెచ్చుకుంటారు. శరీరం కొత్త ఎత్తుకు అలవాటు పడటానికి రోజులు కావాలి. అందుకే ఈ ప్రయాణంలో డబ్బు కంటే సెలవే ముఖ్యం. నాలుగు రోజుల సెలవుతో వెళ్లి పరుగెత్తి వచ్చేద్దాం అనుకుంటే, ఆ ఏడాదికి మానుకోవడమే మంచిది.

వెళ్లే ముందు డాక్టర్ దగ్గరికి

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఊపిరితిత్తుల సమస్య, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు డాక్టర్ సరే అనకుండా టికెట్ కొనకూడదు. సికిల్ సెల్ లక్షణం ఉన్నవారికి ఎత్తులో పరుగు ప్రమాదకరం. షుగర్ ఉన్నవారు మందుల మోతాదు, పరుగు రోజు ఏం తినాలి అన్నది ముందే రాయించుకోవాలి. చలికి గ్లూకోమీటర్ తప్పు చూపించవచ్చు, దాన్ని లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవాలి.

ఎత్తు జబ్బు రాకుండా కొందరికి డాక్టర్లు అసిటజోలమైడ్ మాత్రలు ఇస్తారు. డయామాక్స్ అన్న పేరుతో మందుల షాపులో దొరుకుతుంది. సల్ఫా మందులు పడనివారికి ఇది కుదరకపోవచ్చు. మూత్రం ఎక్కువగా వస్తుంది, వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి. స్నేహితుడు వాడాడు కదా అని సొంతంగా వేసుకోవద్దు.

ఇంటి దగ్గర ప్రాక్టీస్

మే మధ్యలో మొదలుపెడితే సెప్టెంబర్‌కు 16 వారాలు దొరుకుతాయి. అయితే అవి రోహిణి కార్తె రోజులు. నెల్లూరులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫజర్ నమాజు అయిన వెంటనే బయలుదేరి, ఎండ ముదరకముందే ఇంటికి చేరిపోవాలి.

మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, నడక, పరుగు కలిపి 3 నుంచి 6 కిలోమీటర్లు చాలు. తర్వాత వారానికి ఒక రోజు మాత్రం దూరం పెంచుతూ పోవాలి: 8, 10, 12, అలా 18 దాకా. చివరి రెండు వారాలు మళ్లీ తగ్గించాలి. మామూలు రోజులకు స్వర్ణాల చెరువు వైపు రోడ్లు బాగుంటాయి. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు, ఆ వారం వేరే దారి చూసుకోవాలి.

మైపాడు ఇసుకలో వారానికి ఒకసారి పరుగెత్తితే పిక్కలు గట్టిపడతాయి. తడి ఇసుక మీద మొదలుపెట్టి, పొడి ఇసుకలో కాసేపే పరుగెత్తాలి. లేకపోతే మడమ నరం పట్టేస్తుంది. లేహ్ పరుగు తారు రోడ్డు మీదే కాబట్టి ఇసుకలోనే ప్రాక్టీస్ అంతా చేయడం అనవసరం. ఆ దారి సింధు లోయ వైపు దిగి, చివర్లో అలసిపోయిన కాళ్లతో మళ్లీ లేహ్ వైపు ఎక్కాల్సి ఉంటుంది. దానికోసం నరసింహకొండ, ఉదయగిరి కొండ లాంటి చోట్ల ఎక్కి దిగడం మంచిది. ఒక్కటి మరవద్దు: మన కొండలు కాళ్లను సిద్ధం చేస్తాయి గానీ, 3,500 మీటర్ల గాలికి అలవాటు చేయలేవు. అది అక్కడికి వెళ్లాకే జరగాలి.

ఏ దారిలో వెళ్లాలి?

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి లేహ్‌కు ఇంకో విమానం ఎక్కువమంది పట్టే దారి. ఖర్చు తగ్గాలంటే ఢిల్లీ దాకా రైల్లో పోవచ్చు, ఒకటిన్నర రోజు పడుతుంది. లేహ్‌లో మధ్యాహ్నం గాలులు వీస్తాయి కాబట్టి విమానాలు ఎక్కువగా ఉదయమే. వాతావరణం బాగోలేక రద్దయ్యే రోజులూ ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి.

సమయం ఉన్నవారికి శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా రోడ్డు దారి మేలు. 420 కిలోమీటర్ల పైచిలుకు. సుమారు 2,700 మీటర్ల ఎత్తున్న కార్గిల్‌లో ఒక రాత్రి ఆగితే శరీరం మెల్లగా సర్దుకుంటుంది. మనాలి దారిలో 5,000 మీటర్లు దాటే కనుమలున్నాయి, మొదటిసారి వెళ్లేవారికి అది కష్టం.

లేహ్‌లో మొదటి వారం

పరుగుకు కనీసం వారం ముందు చేరాలి. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. బజారు, షాపింగ్ అన్నీ తర్వాత. మూడో రోజు మెల్లగా నడక. నాలుగో రోజు ఏ ఇబ్బందీ లేకపోతే రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా జాగింగ్. ఆరో రోజుకు ఐదారు కిలోమీటర్లు. హుందర్ ఇసుక దిబ్బలు, అక్కడి రెండు మూపురాల ఒంటెలు చూడాలని అందరికీ ఉంటుంది. కానీ ఆ దారి 5,300 మీటర్లు దాటే ఖార్దుంగ్ లా మీదుగా వెళ్తుంది. దాన్ని పరుగు అయ్యాక పెట్టుకోవాలి.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎత్తు జబ్బుకు తొలి గుర్తులు. అవి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకూడదు, పరుగెత్తకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గు పెరుగుతున్నా, తూలుతూ నడుస్తున్నా, మాట తడబడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లేహ్‌లో ఎస్ఎన్ఎం ఆసుపత్రి ఉంది. అసలు మందు ఆక్సిజన్, కిందికి దిగిపోవడం. "ఇంత ఖర్చు పెట్టి వచ్చాం కదా" అన్న మాట ఆ సమయంలో ఎవరూ అనకూడదు. ఒక్కరే వెళ్లొద్దు. తోడున్న మనిషికి ఈ గుర్తులన్నీ తెలిసి ఉండాలి, ఎందుకంటే మెదడుకు ఎత్తు దెబ్బ తగిలినవాడికి తాను బాగోలేనన్న సంగతి తెలియదు.

తిండి, నమాజు, ఫోన్

లేహ్ ప్రధాన బజారులోనే 17వ శతాబ్దం నాటి జామా మసీదు ఉంది. దాని వెనక సందులో తందూరీ రొట్టెలు కాల్చే బేకరీలుంటాయి. స్థానిక ముస్లింలు, కశ్మీరీలు నడిపే హోటళ్లున్నాయి కాబట్టి హలాల్ భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. పరుగుకు ముందు రోజు మటన్, మసాలా తగ్గించి అన్నం, రొట్టె, పప్పు తింటే కడుపు తేలిగ్గా ఉంటుంది.

ప్రీపెయిడ్ సిమ్‌లు బయటి రాష్ట్రాలవి అక్కడ పని చేయవు. పోస్ట్‌పెయిడ్ నంబర్ ఉండాలి. ఇంట్లో వాళ్లు ఫోన్ కలవక కంగారు పడకుండా ముందే చెప్పి వెళ్లాలి.

పరుగు రోజు

తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, పొద్దెక్కాక ఎండ చురుక్కుమంటుంది. ఒకదానిపై ఒకటి పలుచని బట్టలు వేసుకుని, వేడెక్కాక పైది తీసేయాలి. ఎత్తులో అతినీల కిరణాలు ఎక్కువ. కాబట్టి పొడుగు చేతుల చొక్కా, టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ అందరికీ అవసరమే. మన అమ్మాయిలు స్పోర్ట్స్ హిజాబ్, పూర్తి చేతుల డ్రెస్‌తో హాయిగా పరుగెత్తవచ్చు, ఎండకూ అదే రక్ష.

మన తీరంలో చెమట ధారగా కారుతుంది. అక్కడి పొడి గాలిలో చెమట కనపడకుండానే ఆరిపోతుంది. దాహం లేదనుకుంటూనే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అలాగని వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగినా ప్రమాదమే. మధ్య మధ్యలో ఓఆర్ఎస్ కలిపి తాగాలి.

నెల్లూరులో రెండు గంటల ఇరవై నిమిషాల్లో పూర్తి చేసేవారు అక్కడ ఇంకో అరగంట కలిపి లెక్క వేసుకోవాలి. పక్కవారితో మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. కటాఫ్ సమయం, వయసు నిబంధనలు రిజిస్ట్రేషన్ అప్పుడే చూసుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

ఎత్తు వద్దనుకునేవారికి రస్ అల్ ఖైమా హాఫ్ మారథాన్ ఉంది. 2007లో మొదలైంది. సముద్రం పక్కన చదునైన దారి. 2020లో ఇథియోపియా రన్నర్ అబాబెల్ యెషానే 1 గంట 4 నిమిషాల 31 సెకన్లలో మహిళల ప్రపంచ రికార్డు పెట్టింది ఇక్కడే. 2022 నుంచి రియాద్ మారథాన్ కూడా జరుగుతోంది. ఇవి చలికాలంలో పెట్టే పరుగులు. 2027లో రమజాన్ ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది కాబట్టి తేదీలు చూసుకున్నాకే సెలవు పెట్టాలి. లడఖ్ పరుగు సెప్టెంబర్‌లో కాబట్టి ప్రస్తుతానికి ఆ చిక్కు లేదు.

ఏ ఎడారికి వెళ్లినా లెక్క ఒకటే. ముందు డాక్టర్ మాట, తర్వాత సెలవు, ఆ తర్వాతే టికెట్. మెడల్ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. మనిషి మాత్రం ఈ ఏడే ఇంటికి క్షేమంగా తిరిగి రావాలి.