టైటానిక్ మర్డర్స్, ది

అమెరికా రచయిత మాక్స్ అలన్ కాలిన్స్ 1999లో ప్రకటించిన చారిత్రక అపరాధపరిశోధన నవల. 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి మంచుకొండను తాకి, తెల్లవారుజామున ఉత్తర అట్లాంటిక్ సముద్రమున సుమారు 1,500 మందిని పొట్టనబెట్టుకొని మునిగిపోయిన మహానౌకయే దీనికి రంగస్థలము. ఆ నౌకలో నిజముగా ప్రయాణించి, భార్యను పడవ యెక్కించి తాను ప్రాణములు కోల్పోయిన జాక్ ఫుట్రెల్ అను అపరాధకథారచయితనే పరిశోధకునిగా నిలుపుట ఇందలి ముఖ్యకల్పన. హంతకుడెవ్వడో తెలియగోరు పాఠకునకు, నేరస్థుడును నిరపరాధియు నొక్కటిగా మునుగనున్న ఓడ యిది యన్న యెఱుక ప్రతిపుటయందును వెన్నంటియుండును. ఈ జాతి నవలల బలమంతయు నిచ్చటనే యున్నది.

ఈ నౌకతో ఆంధ్రదేశమునకును సంబంధము కలదు. గుంటూరు పట్టణమున లూథరన్ మిషనరీ దంపతులకు 1899లో జన్మించిన రూత్ బెకర్, తల్లితోను, జబ్బుపడిన తమ్మునితోను, పసిచెల్లెలితోను ఈ ఓడలో రెండవ తరగతిలో ప్రయాణించెను. తండ్రి హిందూదేశముననే నిలిచిపోయెను. తల్లి యెక్కిన 11వ పడవలో చోటు దొరకక, పండ్రెండేండ్ల యా బాలిక 13వ పడవలో ఒంటరిగా బయటపడి, రక్షింపవచ్చిన కార్పేథియా ఓడపై తనవారిని కలిసికొనెను. ఆమె 1990లో మరణింపగా, చితాభస్మమును 1994లో టైటానిక్ మునిగిన చోటనే సముద్రమున కలిపిరి.