బోళము – గోపరసము

తెలుగు బైబులు చదువువారికి బోళమును గోపరసమును వేర్వేరు ద్రవ్యములని తోచుట సహజము. మత్తయి సువార్తలో జ్ఞానులు శిశువునకు అర్పించిన కానుకలలో మూడవది బోళము. మార్కు సువార్తలో సిలువయొద్ద ద్రాక్షారసమున కలిపి యిచ్చినదియు బోళమే. నిర్గమకాండము 30వ అధ్యాయమున అభిషేకతైలమునకు విధింపబడినది మాత్రము గోపరసము. పరమగీతములలోను ఆ మాటయే. హీబ్రూమూలమున ‘మోర్’ అనియు, గ్రీకుమూలమున ‘స్ముర్నా’ అనియు పేర్కొనబడినది ఒకే చెట్టుబంక.

ఈ పేళ్ళు అనువాదకులు కల్పించినవి కావు. అమరకోశము ద్వితీయకాండమున వోలము, గంధరసము, ప్రాణము, పిండము, గోపరసము అనునవి పర్యాయములుగా పఠింపబడినవి. అమరసింహుడు గుగ్గులును వనౌషధివర్గమున చేర్చి, దాని కులమునకే చెందిన బోళమును వైశ్యవర్గమున చేర్చెను. ఈ భేదము యాదృచ్ఛికమని నేను తలపను. గుగ్గులుచెట్టు రాజస్థాన, గుజరాతు భూములలో పెరుగును. బోళవృక్షమో, సోమాలియా, ఇథియోపియా, దక్షిణ అరేబియా ప్రాంతములది. క్రీ. శ. 1వ శతాబ్దమునాటి పెరిప్లస్ గ్రంథము ఆ తీరములందలి రేవులనుండి బోళము ఎగుమతియగుటను పేర్కొన్నది. మనవారు చెట్టును చూడలేదు. అంగడికి వచ్చిన సరకునే ఎరుగుదురు.

తెలుగునాట దీనిని బాలింతబోళమందురు. ప్రసవానంతరపు వాడుకను ఆ పేరే చెప్పుచున్నది. అయితే అది బాలింత పేరు, గర్భిణి పేరు కాదు. గర్భాశయమును ప్రేరేపించునన్న శంకచే దీనిని గర్భిణులకు ఈయరాదందురు. తమిళ కన్నడములలో ‘కరిబోళము’ వంటి పేరు ముసాంబరమునకు చెల్లుట మరియొక చిక్కు. ముసాంబరము కలబందరసమును ఎండించిన విరేచనౌషధము. దానికిని దీనికిని పొత్తులేదు.

‘తైలము’ అను మాటయు ఇట్లే త్రోవ తప్పించును. నిర్గమకాండములోని తైలము బోళాదిద్రవ్యములను ఒలీవనూనెతో కూర్చినది. మన వైద్యుల తైలము సాధారణముగా నువ్వులనూనెలో పక్వము చేసినది. నేడు సీసాలలో అమ్ముడగు బోళతైలము బంకను ఆవిరిపట్టి దించిన గాఢసారము. పూర్వుల వాడుకను ప్రమాణముగా చూపి దీనిని సేవింపుమనుట శాస్త్రసమ్మతము కాదు. ఇటలీ శాస్త్రజ్ఞులు 1996లో బోళమునందలి ఫ్యూరనోయుడెస్మా డయీన్ అను ద్రవ్యము చిట్టెలుకలలో నొప్పిని తగ్గించునని ప్రకటించిరి. మార్కు చెప్పిన ద్రాక్షారసమునకు ఇది ఆసక్తికరమైన వ్యాఖ్యయే. కాని ఎలుకలపై జరిగిన పరీక్ష మనుష్యునకు మోతాదును నిర్ణయింపదు. చర్మముపై వాడదలచినచో ఈ సారమును వేరొక నూనెతో బాగుగా పలుచన చేయవలెను. కొందరికి అప్పటికిని దద్దురులు లేచును. రక్తము గడ్డకట్టకుండుటకై వార్ఫరిన్ పుచ్చుకొనువారిలో బోళము ఆ మందు పనిని మార్చవచ్చును గనుక, వారు వైద్యునడుగక దీనిని లోనికి తీసికొనరాదు.