లాంటానా అడవినెలా కమ్మింది?

తెలుగునాట తలంబ్రాల చెట్టనీ, పులికంపనీ పిలిచే లాంటానా కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట పులుల అభయారణ్యాన్ని కమ్మేసింది. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ పూలు. నలిపితే ఘాటు వాసన కొట్టే గరుకు ఆకు. ఒంటికి గీరుకునే ముళ్ల కొమ్మలు. ఆకు తిన్న పశువుకి కాలేయం చెడుతుంది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణప్రాంతం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు యూరప్‌కి తీసుకెళ్తే, అక్కడి తోటల్లో రంగుల కోసం సంకరాలు పుట్టించారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసం వచ్చింది. ఆ తర్వాత కంచెగా ఊళ్లకీ, పిట్టలు తిని వదిలిన గింజగా అడవులకీ పాకింది.

అయితే గింజ చేరడం వేరు, అడవి దాని వశం కావడం వేరు. బిళిగిరి కొండల్లో తరతరాలుగా బతుకుతున్న సోలిగలు వేసవికి ముందే ఎండుటాకులకి పలచగా నిప్పు పెట్టేవారు. ‘తరగు బెంకి’ అనే ఆ మంట నేలబారునే సాగి లాంటానా పిలకల్ని మాడ్చేది, పెద్ద చెట్ల జోలికి పోయేది కాదు. 1974లో అభయారణ్యం అయ్యాక అది నేరమైంది. లాంటానా విజృంభించింది ఆ తర్వాతేనని సోలిగ పెద్దలు చెబుతారు. పరిశోధకులు గళ్లుగా విభజించి లెక్కగడితే 1997లో 41 శాతం గళ్లలో ఉన్న మొక్క 2008కి 81 శాతం గళ్లలో కనిపించింది. ఆ పెరుగుదలకి నిషేధం ఒక్కటే కారణమని ఈ అంకెలు రుజువు చేయవు. పెద్దల మాటని తోసిపుచ్చడానికి మాత్రం వీల్లేకుండా చేస్తాయి. అందుకే ఈ ఆక్రమణ చరిత్రని కలకత్తాతో ముగించకూడదని నా వాదన.

కార్చిచ్చు తర్వాత లాంటానా మొదళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది కదా, నిప్పు దానికి మేలే కదా అని కొందరు శాస్త్రవేత్తలు అడుగుతారు. నిజమే. కానీ అది మండువేసవిలో, పేరుకుపోయిన పొదలు అంటుకుని రేగే మంట సంగతి. ఆకులు మాత్రమే కాలే మంటకి అదే తీర్పు చెప్పలేం. పిట్టలకి పండ్లూ, సీతాకోకచిలుకలకి తేనే దొరుకుతున్నాయన్నదీ కాదనలేం. అయితే ఆ పొదల నీడన గడ్డి ఎదగదు, చెట్ల మొలకలు నిలవవు. జింకకి, కణుజుకి మేత కరువైతే పులి ఏం తిని బతకాలి?

ఇప్పుడున్న దట్టమైన పొదల్లో నిప్పు పెడితే మంట కొమ్మలకెగబాకి చెట్లనే కాలుస్తుంది. కాబట్టి ముందు పొదల్ని వేరు మొదలు నరికి పెళ్లగించాలి. పైపైన కొడితే మళ్లీ చిగురిస్తాయి. అలా ఖాళీ అయిన చోట మొలకలు లేచిన ప్రతిసారీ కూలీలని దించడం కంటే, సోలిగలకి 2011లో సామూహిక అటవీ హక్కులు దక్కిన ఆ అడవిలోనే, చిన్న చిన్న చెక్కల్లో, అటవీశాఖ కళ్లెదుటే వాళ్ల చేత తరగు బెంకి పెట్టించి చూడాలి.