మూసీ ఒడ్డున గీతలు: హైదరాబాదు వరదలు, నిర్మాణ నియమాలు

వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నది, లంగర్‌హౌజ్ వద్ద ఈసీ వాగును కలుపుకొని హైదరాబాదు నగరం నడుమగా తూర్పునకు ప్రవహిస్తుంది. 1591లో నగరం నదికి దక్షిణపు ఒడ్డున వెలసే నాటికే ఈ పరీవాహక ప్రాంతమంతటా గొలుసుకట్టు చెరువులు, అంటే పై చెరువు అలుగు దుమికిన నీరు కింది చెరువులోకి చేరేలా ఒకదానికొకటి అల్లుకున్న చెరువులు ఏర్పడుతూ వచ్చాయి. చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తీసినప్పుడు బయటపడే భూమిని రెవెన్యూ లెక్కల్లో శిఖం అంటారు. ఆ భూమిలో నీరు తగ్గిన కాలంలో పైరు వేసుకోవడం వాడుకలో ఉన్నా, ఇల్లు కట్టుకోవడం ఆ వాడుకలో భాగం కాదు. నీటికి ఏటా కొంతకాలం చోటు వదలాలన్న ఈ కట్టుబాటునే, ఈనాటి నిర్మాణ నియమాలకు పూర్వరూపంగా భావించవచ్చు.

పాత నగరవాసులు తుగ్యానీ అని పిలుచుకునే 1908 సెప్టెంబరు 28 నాటి వరద ఈ వ్యవస్థ బలాన్నీ, బలహీనతనూ ఒకేసారి బయటపెట్టింది. ఎడతెగని కుంభవృష్టికి ఎగువ చెరువులు ఒకదాని తరువాత ఒకటి తెగగా, ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీదికి వచ్చి అఫ్జల్‌గంజ్, కోల్సావాడి వంటి బస్తీలను ఊడ్చుకుపోయింది. మృతుల సంఖ్య 15,000 వరకు ఉంటుందని సాధారణంగా చెబుతారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆహ్వానం మీద 1909లో నగరానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ లెక్క తేల్చారు. ఆయన నదిని నగరపు హద్దుల్లోనే చూడక, కొండల నుంచి దిగివచ్చే నీటి దారి మొత్తాన్నీ ఒకే సమస్యగా పరిశీలించారు. వరద నీటిని ఎగువనే పట్టి ఉంచే రెండు జలాశయాలతో పాటు నగరంలో నది గట్లను ఎత్తు చేయడం, ఒడ్డు వెంట ఉద్యానాలు, బాటలు వేయడం, మురుగునీటి వ్యవస్థ నిర్మించడం కూడా ఆయన సూచనల్లో ఉన్నాయి.

ఈ సూచనల ఫలితంగానే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో నెలకొల్పిన నగరాభివృద్ధి మండలి కిక్కిరిసిన బస్తీలను తొలగించి రహదారులు, ఇళ్లు, ఉద్యానాలు నిర్మించింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి ప్రజాభవనాలు నదికి ఇరువైపులా లేచింది కూడా ఈ కాలంలోనే. ఒడ్డు నగరానికి వెన్నువైపు కాదు, ముఖద్వారమన్న భావన ఆ నిర్మాణాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

జలాశయాలు ఇచ్చిన భద్రతే తరువాతి కాలంలో మరపునకు కారణమైంది. గేట్లు మూసి ఉన్న ఏళ్లలో నది సన్నని పాయగా మిగలడంతో, ఎండిన గర్భం ఖాళీ స్థలంగా కనబడి, ఇళ్లూ ప్రభుత్వ కట్టడాలూ లోపలికి జరిగాయి. నదీగర్భాన్ని ఆనుకొని ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి 2025 సెప్టెంబరులో, జంట జలాశయాల గేట్లు ఎత్తిన తరువాత, నీరు చేరి ప్రయాణికులు చిక్కుకుపోవడం ఈ మరపు పర్యవసానమే.

ఎగువ ప్రాంతాన్ని కాపాడే ప్రయత్నంగా 1996 మార్చి 8న వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వు 111, జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. తాగునీటి స్వచ్ఛత దాని ప్రధాన లక్ష్యమైనా, వాన నీటిని ఇంకించుకునే నేల కాంక్రీటు కిందికి పోకుండా అది వరదకు కూడా అడ్డుకట్టగా నిలిచింది. అయితే నగరం కోసం తమ భూమి విలువను వదులుకున్న ఆ గ్రామాల రైతులకు తగిన పరిహార వ్యవస్థ ఏదీ లేకపోవడం వల్ల వారి అసంతృప్తి ఏళ్ల తరబడి పేరుకుంది. చివరికి 2022 ఏప్రిల్‌లో ఉత్తర్వు 69 ద్వారా ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. భారమంతా ఎగువన, లాభమంతా దిగువన ఉండే నియమం ఎంత మంచిదైనా నిలవడం కష్టమని ఈ చరిత్ర బోధిస్తుంది.

నగరం లోపలి నిర్మాణాలకు సంబంధించి 2012 ఏప్రిల్ 7 నాటి ఉత్తర్వు 168, అంటే భవన నిర్మాణ నిబంధనలు, ముఖ్యమైన పత్రం. ఇందులో కీలకమైన పదం ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండి అలుగు పారడానికి సిద్ధంగా ఉన్నప్పటి పూర్తి నీటిమట్టం. ఆ మట్టం లోపల ఏ కట్టడమూ కూడదు. దాని వెలుపల 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడం లేని రక్షణ పట్టీగా వదలాలి. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగులకు, కాలువలకు 9 మీటర్లు, అంతకన్నా సన్నని నాలాలకు 2 మీటర్లు, నగరపాలక సంస్థల పరిధిలో నది ఒడ్డుకు 50 మీటర్లు వదలాలన్నది కూడా ఈ నిబంధనల్లోదే.

మీటర్లు ఎన్ని అన్నది స్పష్టమే గాని, ఎక్కడి నుంచి కొలవాలన్నదే అసలు చిక్కుగా మిగిలింది. చెరువు హద్దును సర్వే చేసి ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని తుది నోటిఫికేషన్ ప్రకటించడం అనే ప్రక్రియ చాలా చెరువుల విషయంలో ఏళ్లకు ఏళ్లు సాగింది. ఈ వ్యవధిలో అలుగు ఎత్తు తగ్గించినా, కట్టకు గండి కొట్టినా, గర్భంలో మట్టి నింపినా నీటి మట్టం దిగిపోయి, శిఖం భూమి పొడినేలగా కనబడుతుంది. అటువంటి చోట ప్లాటు కొన్న సామాన్యుడి చేతిలో రిజిస్ట్రేషన్ పత్రమూ, కొన్నిసార్లు నిర్మాణ అనుమతీ ఉంటాయి గాని, ఆ నేల నీటిదన్న సమాచారం మాత్రం అతనికి అందదు. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ పరిసరాల కాలనీలు నీట మునిగినప్పుడు, సర్వస్వం కోల్పోయిన వారిలో అటువంటి సామాన్యులూ ఉన్నారు. చెరువులు, నాలాల ఆక్రమణలను అరికట్టడానికి 2024 జూలైలో హైడ్రా అనే ప్రత్యేక సంస్థ ఏర్పడి కూల్చివేతలు చేపట్టింది. కట్టిన తరువాత కూల్చడం కన్నా, కట్టకముందే గీత చూపించడం న్యాయం.

నూరేళ్ల ఈ చరిత్రను పరిశీలిస్తే హైదరాబాదుకు లోపించినది జ్ఞానం కాదనీ, 1909లోనే గ్రహించిన నీటి దారిని నేల మీద గుర్తించి నిలబెట్టే పట్టుదల అనీ తెలుస్తుంది. ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టాన్ని తుదిగా ప్రకటించి హద్దురాళ్లు నాటడం, ఆ పటాన్ని రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో, వార్డు కార్యాలయాల్లో అందరికీ కనబడేలా ఉంచడం, గొలుసుకట్టులోని నాలాలన్నింటినీ విడివిడి స్థలాలుగా గాక ఒకే వ్యవస్థగా లెక్కించి అనుమతులు ఇవ్వడం, భూమిని ఖాళీగా ఉంచే ఎగువ రైతుకు పరిహారం చెల్లించడం, ఒడ్డున నివసించే పేదలను తరలించక తప్పనప్పుడు ముందుగా పనికి దగ్గరలో ఇల్లు చూపించడం తక్షణ కర్తవ్యాలు. వీటిలో ఏ ఒక్కటీ విశ్వేశ్వరయ్య కాలంలో చేపట్టిన పనుల కన్నా కఠినమైనది కాదు, వాటికి కావలసిన చట్టాల్లో చాలావరకు ఇప్పటికే పుస్తకాల్లో ఉన్నాయి. కనుక రాబోయే పెద్దవాన నష్టానికి ప్రకృతిని కారణంగా చూపే హక్కు ఈ నగర పాలనకు ఉండదు.