గణితజ్ఞుని పక్షం, సంఖ్యల పరాభవం: అల్బేనియా సోషల్ డెమోక్రాట్ల చరిత్ర

వామపక్ష సాహిత్యంతో కొంత పరిచయం ఉన్న మన తరం పాఠకులకు అల్బేనియా అనగానే ఎన్వర్ హోజా పేరు స్ఫురిస్తుంది. 1944 నుండి 1985లో మరణించేవరకు ఆ దేశాన్ని ఏకచ్ఛత్రంగా ఏలినవాడతడు. 1961లో సోవియట్ రష్యాతోను, 1978లో చైనాతోను తెగతెంపులు చేసుకొని, 1967లో మతాన్ని సైతం నిషేధించి, 28,748 చదరపు కిలోమీటర్ల చిన్న దేశాన్ని లోకానికి దూరంగా ఉంచాడు. అతని అనంతరం అక్కడ ఏమి జరిగిందన్నది మనవారు అంతగా పట్టించుకోలేదు. ఆ అనంతర చరిత్రలో ఒక చిన్న పక్షం కథ ఉన్నది. అధికారంలో నిలిచిన పెద్ద పక్షాల కథలకంటె ఇదే నాకు ఎక్కువ బోధప్రదంగా తోచింది.

1990 డిసెంబరులో తిరానా విశ్వవిద్యాలయ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. మొదట వారి మొర వసతిగృహాలలోని చలి గురించి, చీకటి గురించి. రోజుల వ్యవధిలో అది బహుళపక్ష వ్యవస్థ కావాలన్న కోరికగా మారింది. హోజా వారసుడు రమీజ్ అలియా తలవంచక తప్పలేదు. డిసెంబరు 12న డెమోక్రటిక్ పార్టీ పుట్టింది. వైద్యుడైన సలి బెరిషా దానికి నాయకుడయ్యాడు. నాటి విద్యామంత్రి స్కెండర్ గ్యినుషి. ఆయన వృత్తిరీత్యా గణితాచార్యుడు. 1987 నుండి ఆ పదవిలో ఉన్నవాడు. విద్యార్థుల ఆగ్రహం ఏ ప్రభుత్వం మీద ఎగసిందో ఆ ప్రభుత్వంలో విద్యాశాఖ ఆయనదే. ఆయనే మరుసటి సంవత్సరం, 1991లో, సోషల్ డెమోక్రటిక్ పార్టీని స్థాపించాడు.

పాత పాలకపక్షమైన లేబర్ పార్టీ ఆ ఏడాదే పేరు మార్చుకొని సోషలిస్టు పార్టీ అయింది. అటు బెరిషా పక్షం, ఇటు సోషలిస్టులు. నడుమ మరొక దారి ఉండాలన్నది గ్యినుషి వాదం. గతాన్ని కాదనాలి, అయినా శ్రామికుని పక్షం విడువరాదు. మాటగా ఇది చక్కనిదే. ఆ మాటకు ఓట్లెన్ని అన్నదే ప్రశ్న.

1992 మార్చి ఎన్నికలలో సమాధానం దొరికింది. శాసనసభలో 140 స్థానాలు. అనుపాత విధానంలో ప్రవేశానికి 4 శాతం ఓట్లు హద్దు. సోషల్ డెమోక్రాట్లకు వచ్చినవి 4.4 శాతం లోపు. గడప దాటి లోపలికి వచ్చారంతే. స్థానాలు 7. డెమోక్రటిక్ పార్టీకి 92 వచ్చాయి. అయితే రాజ్యాంగ విషయాలలో మూడింట రెండు వంతుల బలం, అనగా 94 మంది, కావలసి ఉన్నది. 92కు 7 కలిపితే 99. ఏడుగురి విలువ ఎంతో ఈ కూడికలోనే తెలుస్తుంది. వారు బెరిషా పక్షంతో కలిసి ప్రభుత్వంలో చేరారు.

వ్యాకరణంలో ప్రత్యయం ఒంటరిగా నిలువదు. ప్రకృతిని ఆశ్రయించినప్పుడే దానికి ప్రయోజనం. కాని అది చేరిన పిమ్మట పదం అర్థం మారిపోతుంది. చిన్న పక్షం స్థితి సరిగ్గా ఇదే. ప్రకృతిని ఎంచుకొనుటలోనే దాని వివేకమంతా ఉన్నది.

1994లో బెరిషా కొత్త రాజ్యాంగాన్ని శాసనసభ ఆమోదం లేకుండానే నేరుగా ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాడు. నవంబరు 6న ప్రజలు దానిని తిరస్కరించారు. అటు పిమ్మట సోషల్ డెమోక్రాట్లు ప్రభుత్వాన్ని వీడారు. అందరూ వీడలేదు. రచయితగా పేరొందిన తెయోడోర్ లాచో బెరిషా వైపే నిలిచి, మంత్రిగా కొనసాగి, 1995లో సోషల్ డెమోక్రటిక్ యూనియన్ పేర వేరు కుంపటి పెట్టాడు. పక్షం పుట్టి నాలుగేండ్లకే మొదటి చీలిక వచ్చింది. అదే ఏడు వచ్చిన ఒక చట్టం, కమ్యూనిస్టు కాలపు మంత్రులను ప్రజాపదవులకు దూరం చేసింది. 1996 మే 26 ఎన్నికలలో అక్రమాలు జరుగుతున్నాయంటూ ప్రతిపక్షాలు పోలింగు నాడే పోటీనుండి వైదొలగాయి.

1997 ఆరంభంలో అధిక వడ్డీల ఆశచూపిన పిరమిడ్ పథకాలు కుప్పకూలాయి. జనం జీవితకాలపు పొదుపు గంగలో కలిసింది. ఆయుధాగారాలను లూటీ చేశారు. సుమారు 2,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటలీ నాయకత్వాన బహుళదేశ సైన్యం దిగవలసి వచ్చింది. జూన్ 29న జరిగిన ఎన్నికలలో సోషలిస్టులు ఘనవిజయం పొందారు. వారితో పొత్తులో ఉన్న సోషల్ డెమోక్రాట్లకు పట్టుమని పది స్థానాలు రాలేదు. అయినా గ్యినుషి శాసనసభాధ్యక్షుడై 2001 వరకు ఉన్నాడు. పక్షంలోని మరొక పండితుడు, చరిత్రాచార్యుడు పాస్కల్ మీలో విదేశాంగమంత్రి అయ్యాడు. 1999లో కొసావో నుండి నాలుగు లక్షలకు పైగా శరణార్థులు ఆ బీదదేశానికి తరలివచ్చినప్పుడు దేశం తరఫున లోకంతో మాట్లాడవలసినవాడు ఆయనే. 1998 నవంబరు 22న ప్రజలు ఆమోదించిన రాజ్యాంగం గ్యినుషి అధ్యక్షత వహించిన సభ కాలంలో వచ్చినదే. ఈ నాలుగేండ్లు ఆ పక్షానికి స్వర్ణకాలమని చెప్పవచ్చును.

2001లో స్థానాలు 4కు తగ్గాయి. 2003లో మీలో విడిపోయి సోషల్ డెమోక్రసీ పార్టీ అనే మరో పక్షం పెట్టాడు. గణితజ్ఞుడు, రచయిత, చరిత్రకారుడు: ముగ్గురు విద్వాంసులు, మూడు పక్షాలు, పేర్లలో ఒకటే మాట. సామాన్య ఓటరు వీటి భేదాన్ని ఎట్లు గుర్తించగలడు?

2005లో ఒక వింత జరిగింది. సోషల్ డెమోక్రాట్లకు 12.7 శాతం ఓట్లు, 7 స్థానాలు వచ్చాయి. ప్రజాదరణ అంతగా పెరిగిందని భ్రమపడరాదు. 100 స్థానాలు నియోజకవర్గాలవి; 40 స్థానాలు జాబితా ఓట్లను బట్టి పంచేవి. నియోజకవర్గాలలో నేరుగా గెలిచే పెద్ద పక్షాలకు జాబితా ఓట్లతో అదనపు లాభం లేదు. అందుచేత అవి తమ ఓటర్లచేత జాబితా ఓటును మిత్రులకు వేయించాయి. ఫలితంగా బెరిషా మిత్రులైన రిపబ్లికన్లకు సుమారు 20 శాతం వచ్చింది. రెండు పెద్ద పక్షాలకు జాబితాలో పది శాతమైనా రాలేదు! మీలో పక్షం 2 స్థానాలు పొందింది.

అరువు సొమ్ముతో కట్టిన మేడ ఎన్నాళ్ళు నిలుస్తుంది? 2008లో రెండు పెద్ద పక్షాలూ ఏకమై రాజ్యాంగాన్ని సవరించి, ప్రాంతాలవారీ అనుపాత విధానాన్ని తెచ్చాయి. ముల్లు వెళ్ళి ఆకు మీద పడినా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే. 2009లో గ్యినుషి పక్షానికి వచ్చినవి 1.8 శాతం ఓట్లు, స్థానాలు సున్న. సంఖ్యాశాస్త్రంలో ఆరితేరిన నాయకుని పక్షాన్ని సంఖ్యలే పడగొట్టాయి. 2013లోను అదే సున్న.

తరువాత ఆ పక్షంలోకి ష్కోదర్ ప్రాంతపు వ్యాపారి, పూర్వం సోషలిస్టు సభ్యుడు అయిన తోమ్ డోషి ప్రవేశించాడు. 2017లో ఒక స్థానం దక్కింది. 2018లో అమెరికా విదేశాంగశాఖ గణనీయమైన అవినీతి ఆరోపణపై ఆయనకు తమ దేశంలో ప్రవేశాన్ని నిషేధించింది. 2019లో గ్యినుషి అల్బేనియా విజ్ఞానశాస్త్రాల అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. పక్షం పగ్గాలు డోషి చేతికి వచ్చాయి. 2021లో 3 స్థానాలు, 2025లోను 3 స్థానాలు. పక్షం బతికింది. అయితే ఏది బతికింది?

పేరు బతికింది. 1991లో ఆ పేరు ఒక ఆలోచనకు గుర్తు. నేడు ప్రధానంగా ఒక ప్రాంతంలోని బలగానికి చిరునామా. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట రాజకీయాలలో కొత్త కాదు. ఇక్కడ చెట్టు నాటినవారు పండితులు కావడమే విచారకరం. వారిలో విద్యకు లోటు లేదు, అనుభవానికి లోటు లేదు. ఊరూరా తిరిగి తమ సొంత ఓటరును తయారు చేసుకొనవలసిన కాలంలో వారు పొత్తులలో, పదవులలో, పరస్పర విభేదాలలో గడిపారు. 1992లో వచ్చిన నాలుగు శాతమే వారి సొంత ఆస్తి. దానిని పెంచుకొనక ఖర్చు చేశారు.

అయినను వారిని పూర్తిగా నిందించలేము. ఏకపక్ష పాలననుండి అప్పుడే బయటపడిన దేశంలో, ఉన్నవి రెండే దారులు కావని చెప్పినవారు వారు. 1994లో ప్రభుత్వాన్ని వీడుటలో ఒక నీతి ఉన్నది. ఆ ఒక్క నిర్ణయమే ఆ పక్ష చరిత్రకు అర్థమిచ్చినదని నా అభిప్రాయం. చిన్నవారికి ఉన్న బలం కాదనగలగడమే. ఆ బలం పోయిన తరువాత మిగిలేది లెక్కలు మాత్రమే.