కోడ్ చేతుల పెట్టే ముందు కాగితం రాయించుకోర్రి

నేను మొదటిసారి అమ్మిన సాఫ్ట్‌వేర్ ఎరువుల దుకాణాలల్ల బిల్లులు కొట్టేది. ఒక కంపెనీ 60 వేలిస్తమంటే, సంబురంతోని కోడ్ మొత్తం పెన్‌డ్రైవ్‌ల పెట్టి ఇచ్చిన. ఒక్క కాగితం రాసుకోలే. ఆర్నెల్లకు అదే సాఫ్ట్‌వేర్ వాళ్ల పేరుతోని పక్క జిల్లాల అమ్ముడుపోయింది. ఇచ్చినంక ఇగ ఏమడుగుతం అని ఊకున్న. చట్టం నా దిక్కే ఉన్నదని రెండేండ్లకు తెలిసింది.

1957 కాపీరైట్ చట్టంల కంప్యూటర్ ప్రోగ్రామ్ గూడ సాహిత్య రచన లెక్కనే. రాసిన రోజే హక్కు రాసినోళ్లది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తది గని తప్పనిసరి కాదు. జీతానికి ఉండి, ఆ కొలువుల భాగంగ రాస్తే హక్కు యజమానిది. సొంతంగ పనిచేసేటోళ్లు రాస్తే మాత్రం సంతకం పెట్టిన కాగితం లేకుండ ఆ హక్కు ఇంకొకళ్లకు పోదు. ఆ కాగితంల ఎన్నేండ్లకో రాయకపోతే 5 ఏండ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికే చెల్లుతది.

అందుకే ఒక్క పేజీ అయినా రాసుకోర్రి. హక్కే అమ్ముతున్నమా, వాడుకునేటందుకు లైసెన్స్ ఇస్తున్నమా? ఎన్ని కంప్యూటర్లకు? రిపేర్ ఎన్ని నెలలు? పైసలు ఎప్పుడెప్పుడు? ఇవి ఉంటే చాలు. పద్దెనిమిదేండ్లు నిండనోళ్ల ఒప్పందం చెల్లదు, పెద్దోళ్ల పేరుమీద రాసుకోవాలె. ఓపెన్ సోర్స్ కోడ్ కలిపితే దాని లైసెన్స్ చదువుర్రి. జీపీఎల్ కోడ్ కలిపి అమ్మితే కొన్నోళ్లకు సోర్స్ కోడ్ గూడ ఇయ్యాలె.

ఇగ పన్ను ముచ్చట. నా 60 వేలల్ల 6 వేలు టీడీఎస్ కింద కోసి 54 వేలే ఇచ్చిన్రు. పన్ను కట్టుడు అయిపోయింది అనుకున్న. నిజానికి ఆ ఏడు నాకు పన్ను పడేటంత ఆదాయమే లేదు. రిటర్న్ వేస్తే ఆ 6 వేలు వాపస్ వచ్చేటివి. వెయ్యలే, గడువు దాటింది, పైసలు పోయినయ్. ఎవరు ఎంత కోసిన్రో ఆదాయపన్ను పోర్టల్ల 26ఏఎస్ ఫారంల కనబడతది. ప్యాన్ ఇయ్యకపోతే కోత 20 శాతం.

2025-26 నుంచి కొత్త పన్ను విధానంల 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. గని 4 లక్షలు దాటితే రిటర్న్ వెయ్యాల్సిందే. చిన్నోళ్లకు లెక్కల పుస్తకాల బాధ తప్పించే అంచనా పద్ధతి ఉన్నది. టెక్నికల్ కన్సల్టెన్సీ లాంటి వృత్తి అయితే వచ్చినదాంట్ల సగం లాభంగ చూపొచ్చు. వ్యాపారం అయితే బ్యాంకుల పడ్డ పైసల మీద కనీసం 6 శాతం చూపాలె. మీది ఏ కోవలకు వస్తదో ఒక్కసారి సీఏను అడుగుర్రి.

జీఎస్టీ అంటే భయపడొద్దు. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌ను సేవ కింద లెక్కగడతరు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటినంకనే రిజిస్ట్రేషన్, రేటు 18 శాతం. ఆ 20 లక్షలల్ల విదేశాలకు అమ్మింది గూడ కలుస్తది. రిజిస్టర్ అయినోళ్లు ఎల్‌యూటీ దాఖలు చేస్తే ఎగుమతి మీద జీఎస్టీ కట్టకుండనే పంపొచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండ బిల్లు మీద జీఎస్టీ వసూలు చేసుడు మాత్రం నేరం.

పైసలు ఎగ్గొట్టేటోళ్లకు గూడ మందున్నది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. అది ఉంటే, ఒప్పందంల ఏం రాసినా 45 రోజులల్ల బాకీ తీర్చాలె. లేటైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆన్‌లైన్ల ఫిర్యాదు చెయ్యొచ్చు.

మన కాలేజీలు కోడింగ్ నేర్పుతున్నయ్, బిల్లు రాసుడు నేర్పుతలేవు. ఆఖరి ఏడాదిల ఒక్క రోజు ఈ ముచ్చట్లు చెప్తే నాలాంటోళ్లు ఎంతమందో మోసపోకుండ ఉందురు. వాళ్లు చెప్పేదాక ఆగకుర్రి తమ్ముళ్లు, చెల్లెండ్లు. విడిగ ఒక బ్యాంకు ఖాతా, వరుస నంబర్లతోని బిల్లులు, ఒక్క పేజీ ఒప్పందం ఈ నెలలనే మొదలువెట్టుర్రి.