అట్లాంటిక్ దాటే విహార నౌకలు

ఐరోపాలో చలి మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్యధరా సముద్రంలోని విహార నౌకలు అనేకం కరీబియన్ దీవులకు తరలిపోతాయి. వసంతంలో తిరిగి వస్తాయి. ఎలాగూ వెళ్లవలసిన నౌక ఖాళీగా వెళ్లకుండా ప్రయాణికులను ఎక్కించుకుంటుంది కనుక, రోజుల లెక్కన ఈ యాత్రల ధర తరచుగా తక్కువే.

బార్సిలోనాలో బయలుదేరే నౌకలు జిబ్రాల్టర్ జలసంధి దాటుతాయి. ఐరోపా వైపు చివరి మజిలీ తరచుగా పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి గానీ, స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవులు గానీ అవుతుంది. 1492లో కొలంబస్ సైతం కెనరీలలోని లా గొమేరాలో సరుకులు నింపుకొని సెప్టెంబరు 6న బయలుదేరాడు. అక్టోబరు 12న బహామాస్ చేరాడు. నాడు ఆయన తెరచాపలను నడిపిన ఈశాన్య వ్యాపార పవనాలు నేటికీ ఈ దారిలో వీస్తూనే ఉన్నాయి.

ఆపై ఆరేడు రోజులు నేల కనిపించదు. పడమరకు సాగే ప్రయాణం కనుక గడియారాన్ని పలుమార్లు గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. ఆ రోజులకు 25 గంటలు. నౌకలో వైద్యులు ఉంటారు గానీ, నడిసముద్రానికి తీరంలోని హెలికాప్టర్ చేరలేదు. తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవారు ధర కంటే ముందు ఆలోచించవలసింది ఇదే. కరీబియన్‌లో తుపానుల కాలం నవంబరు 30 వరకు ఉన్నందున మజిలీలు మారవచ్చు.

భారతీయులకు షెంజెన్ వీసా కావాలి. యాత్ర మయామీలో ముగిస్తే అమెరికా వీసా అదనం. తిరుగు విమానఛార్జీ సాధారణంగా నౌక టికెట్‌లో కలిసి ఉండదు.